పక్కింటి పిల్లులు కూరమడిని పాడు చేస్తున్నాయి, ఏం చేయాలి?

మట్టివాసన:
నమస్తే అందరికీ. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. తల ప్రాణం తోకకొచ్చి రాస్తున్నాను.

ఇంటి వెనక మూడు మడులు వేశాను. మొదటి దాంట్లో ఆకుకూర బాగా ఒత్తుగా వచ్చింది. రెండో దాంట్లో ముల్లంగి గింజలు చల్లి వారమైంది. మూడోది తవ్వి, జల్లించి, టమాటా నారు కోసం సిద్ధంగా ఉంచాను. రోజూ పొద్దున వెళ్లి చూస్తే రెండో మడి, మూడో మడి గీకేసి ఉంటాయి. మొలకలు వేళ్లతో సహా పైకొచ్చి ఎండిపోతున్నాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

నిన్న చీకటి విడకముందే లేచి వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాను. బూడిదరంగు పిల్లి, ముందు కాళ్లు తెలుపు. గోడ దిగి నేరుగా వచ్చింది. మొదటి మడి అంచున ఆగి వాసన చూసి వదిలేసింది. మూడో మడిలోకి దిగి కుడి ముందుకాలితో నాలుగైదు సార్లు మట్టి లాగి, గొయ్యి చేసి కూర్చుంది. అయ్యాక వెనక్కి తిరిగి వాసన చూసి, మళ్లీ మట్టి లాగి కప్పింది. అంతా కలిపి ఒక్క నిమిషం పట్టలేదు.

నాకు నాలుగేళ్ల పాప ఉంది. నాతో పాటు మట్టిలో ఆడుతుంది. మొన్న ఒక పిల్లి మలం గడ్డ చేత్తో పట్టుకుని 'అమ్మా, ఇదేంటి' అని చూపించింది. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. నారింజ తొక్కలు వేశాను, మిరియాల పొడి చల్లాను, ఏమీ తేడా లేదు. పిల్లికి హాని చేయాలని లేదు. ఆ మడిలో పండింది భయం లేకుండా తినాలనే నా కోరిక.

గులాబీముల్లు:
మాకూ ఇదే గోల. నేను మడి చుట్టూ కలరా ఉండలు వేశాను, గేటు దగ్గర రోజూ ఫినాయిల్ కొడుతున్నాను. కొంచెం తగ్గింది. ఇంకా తగ్గకపోతే ఎలుకల మందు కలిపి పెడదామనుకుంటున్నాను. పెంచుకునేవాళ్లు ఇంట్లో కట్టేసుకోవాలి గానీ మన మీదికి వదిలేస్తే ఎలా?

మూగజీవి:
గులాబీముల్లు గారూ, దయచేసి ఆ పని చేయకండి. నేను జంతువులకు వైద్యం చేస్తాను, కళ్లారా చూసిన సంగతులు చెబుతున్నాను.

ఎలుకల మందుల్లో చాలా రకాలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. అలాంటిది తిన్న జంతువు ఆ రోజే చనిపోదు, కొన్ని రోజుల పాటు లోలోపల రక్తం కారుతూ చనిపోతుంది. మీరు పిల్లి కోసం పెట్టింది కుక్క తినొచ్చు, పక్షి తినొచ్చు, పాకే పిల్లాడు నోట్లో పెట్టుకోవచ్చు.

కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. పిల్లుల్లో అది ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. మనుషుల్లో కూడా కొందరు పిల్లలకు జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది, వాళ్లకు ఈ ఉండలు చాలా ప్రమాదం. తెల్లగా గుండ్రంగా ఉంటే పసివాళ్లకు మిఠాయిలా కనిపిస్తుంది కూడా.

ఫినాయిల్ రకాల్లో చాలా వాటిలో ఫినాల్ జాతి పదార్థాలో, పైన్ నూనో ఉంటుంది. మన కాలేయం విరిచేసి బయటకు పంపే కొన్ని పదార్థాలను పిల్లి కాలేయం విరవలేదు. పిల్లి ఫినాయిల్ తాగక్కర్లేదు. తడి నేల మీద నడిచి, ఇంటికెళ్లి కాళ్లు నాక్కుంటే చాలు. గాఢమైన సుగంధ తైలాలతోనూ ఇదే ఇబ్బంది, టీ ట్రీ నూనె మరీ ఎక్కువ. కారప్పొడి చల్లేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి, అది కాలికి అంటుకుని, ఆ కాలితోనే మొహం తుడుచుకున్నప్పుడు కళ్లలోకి వెళుతుంది.

గులాబీముల్లు:
కోపంలో రాశాను గానీ ఇంత దూరం ఆలోచించలేదండీ. ఎలుకల మందు మాట వదిలేశాను. మరి ఇప్పటికే వేసిన కలరా ఉండలు ఏం చేయాలి? కొన్ని వానకు మట్టిలో కలిసిపోయాయి.

మూగజీవి:
చేతికి గ్లోవ్స్ వేసుకుని కనిపించినవన్నీ ఏరేయండి. ముక్కలైన చోట చుట్టూ ఉన్న మట్టి కూడా పారతో తీసి, సంచిలో కట్టి చెత్తలో వేయండి. వాసన పూర్తిగా పోయేదాకా ఆ అంచున తినే మొక్కలు పెట్టకండి. మిమ్మల్ని తప్పుబట్టడానికి రాయలేదు. చాలా ఇళ్లలో ఈ ఉండలు ఉంటాయి, వాటి సంగతి ఎవరూ చెప్పరు.

పాదుల_పక్కన:
మట్టివాసన గారూ, మీరు రాసిన దాంట్లో ఒక్క ముక్క నన్ను ఆపేసింది. పిల్లి మొదటి మడి అంచున ఆగి వాసన చూసి వదిలేసిందన్నారు. మీ ప్రశ్నకు జవాబు ఆ మడిలోనే ఉంది. ఆ మడికీ మిగతా రెంటికీ తేడా ఏంటి? రాత్రి నీళ్లు పెట్టారా? మట్టి కనిపిస్తోందా, ఆకులతో కప్పుకుపోయిందా?

మట్టివాసన:
ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. మొదటి మడికి రోజూ సాయంత్రం నీళ్లు పెడతాను, ఆకుకూర ఒత్తుగా ఉండి మట్టి అసలు కనపడదు. ఖాళీ చోట్ల ఎండుటాకులు, గులకరాళ్లు పరిచాను. రెండో మడి మొలకలు కుళ్లిపోతాయేమోనని నీళ్లు తక్కువ పెడుతున్నాను. మూడోది పొడిగా, పిండిలా ఉంది. మీరు అడిగేదాకా ఈ తేడా నా బుర్రకు తట్టలేదు.

పాదుల_పక్కన:
అదే అసలు సంగతి. మన ఇళ్లలో తిరిగే పిల్లి వంశం ఎడారి ప్రాంతాల అడవిపిల్లి నుంచి వచ్చింది. దానికి పొడిగా, గుల్లగా, కాలితో లాగితే కదిలే మట్టి కావాలి. మీరు నారు కోసం చెమటోడ్చి జల్లించిన మూడో మడి దాని కంటికి తయారుగా ఉన్న మరుగుదొడ్డి. మీ మీద కక్ష కట్టి రావడం లేదు. కాబట్టి పిల్లిని తరమడం మీద కన్నా మట్టిని మార్చడం మీద మీ ఓపిక ఖర్చు పెట్టండి. నేను రెండేళ్లు తొక్కలు, పొడులు, సీసాల్లో రంగునీళ్లు అన్నీ చేసి చూశాను. సీసాలు ఎందుకూ పనికిరాలేదు. నారింజ తొక్క తాజాగా ఉన్నంత సేపే ఏమైనా పనిచేస్తుంది, ఎండితే పిల్లి దాని పక్కనే తవ్వుతుంది.

నాకు నిజంగా పనిచేసింది కోళ్లగూటికి కట్టే ఇనుప జాలీ. ఎలా పరవాలో వివరంగా రాస్తాను, తప్పుగా వేస్తే మనకే గాయాలవుతాయి.

కన్ను, అంటే రంధ్రం, 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉన్న జాలీ తీసుకోండి. మడి కొలతకు నాలుగు వైపులా ఓ జానెడు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. కత్తిరించిన చోట తీగ కొనలు సూదుల్లా ఉంటాయి, వాటన్నిటినీ కిందికి మడిచేయాలి. మడి చదును చేసి, జాలీ పరిచి, నాలుగు మూలలా, మధ్యలో రెండు చోట్ల, వంకీ తిప్పిన తీగ ముక్కలు మట్టిలోకి గుచ్చి బిగించండి. పైన అర అంగుళం మట్టి చల్లితే కంటికి కనపడదు. పిల్లి వస్తుంది, ఒకసారి కాలు వేసి లాగుతుంది. గోళ్లకు తీగ తగిలి మట్టి కదలదు, వెళ్లిపోతుంది. దానికి నొప్పి కలగదు, మొక్కలు జాలీ కళ్లలోంచి పైకి వచ్చేస్తాయి.

టమాటా లాంటి లావు కాండం మొక్కకు మాత్రం నాటే చోట ముందుగానే చేతి వెడల్పున జాలీ కోసి తెరవాలి, లేకపోతే కాండం బలిశాక తీగ కోసుకుపోతుంది. ఒక ఏడాది అశ్రద్ధ చేసి రెండు మంచి మొక్కలు పోగొట్టుకున్నాను.

ముల్లంగి మడికి జాలీ వద్దు, గడ్డ ఊరాక పీకడం కష్టం. సన్న పుల్లలు జానెడు పొడవున విరిచి, బెత్తెడు దూరానికొకటి మడి అంతా గుచ్చండి. పిల్లికి తిరిగి కూర్చోవడానికి చోటు దొరకకూడదు, అంతే. పైకి వచ్చే కొన మొద్దుగా ఉండాలి, వంగి కలుపు తీసేటప్పుడు కంట్లో గుచ్చుకోకుండా. ఆకులు మడిని కప్పేశాక పుల్లలు తీసేయవచ్చు.

చిన్నపెరడు:
మనుషులకు వినపడని శబ్దం చేసే యంత్రం గురించి ఎవరూ రాయలేదు. నేను ఒకటి పెట్టాను. మన చెవికి 20 కిలోహెర్ట్‌జ్ దాకానే వినపడుతుంది, పిల్లికి 60 దాటి కూడా వినపడుతుంది, ఆ తేడా మీద ఇవి నడుస్తాయి. మొదటి పది రోజులు పిల్లులు రాలేదు, సంతోషించాను. తర్వాత ఒక ముసలి పిల్లి దాని ముందే పడుకుని ఎండ కాచుకోవడం మొదలుపెట్టింది. ముసలితనంతో దానికి చెవులు పోయాయేమో. మిగతావి తక్కువగానే వస్తున్నాయి, పూర్తిగా మాత్రం ఆగలేదు. ఇంకో మాట. మా పక్కింటి పాప ఆ వైపు వస్తే చెవులు మూసుకునేది. చిన్నపిల్లలకు మనకన్నా పై స్థాయి శబ్దం వినపడుతుంది కదా, కొన్ని యంత్రాల శబ్దం వాళ్ల చెవికి అందుతుంది. అది తెలిశాక తీసేశాను.

నీటిచుక్క:
మాకైతే కదలిక కనిపెట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ పనిచేసింది. గొట్టానికి తగిలించి పిల్లి దిగే గోడ వైపు తిప్పి పెట్టాం. ముందు నుంచి ఎదురుపడేలా కాకుండా, అది నడిచే దారికి అడ్డంగా చిమ్మేలా పెడితే మంచిది. నాలుగు రోజులకొకసారి చోటు మార్చాం. రెండు మూడు వారాల్లో అవి దారే మార్చుకున్నాయి. మందు లేదు, గాయం లేదు. నీటి ఎద్దడి ఉన్నచోట మాత్రం దీన్ని సిఫార్సు చేయను.

తీగమల్లె:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాకు ఇప్పుడు మూడో నెల. పిల్లి మలం వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమని ఎవరో చెప్పారు. నిన్నటిదాకా వట్టి చేతులతోనే మడిలో పనిచేశాను. రాత్రంతా నిద్ర లేదు.

మూగజీవి:
తీగమల్లె గారూ, ముందు ధైర్యంగా ఉండండి. మీరు విన్నది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది నిజమే, కానీ వివరం తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

ఇది సోకిన పిల్లి జీవితమంతా దాన్ని విడుదల చేయదు. మామూలుగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే మలంలో వదులుతుంది. ఎలుకల్ని, పిట్టల్ని వేటాడడం మొదలుపెట్టిన కుర్ర పిల్లుల్లో ఇది ఎక్కువ. బయటికొచ్చిన గుడ్డు లాంటి కణం అప్పటికప్పుడు మనకు సోకదు, కనీసం ఒక రోజు, ఒక్కోసారి ఐదు రోజుల దాకా పడుతుంది. అందుకే కనపడిన మలాన్ని ఆ రోజే తీసేయడం చాలా ముఖ్యం. అలాగే వదిలేస్తే తేమ ఉన్న మట్టిలో ఏడాదికి పైగా బతికి ఉంటుంది.

గర్భం రాకముందే ఎప్పుడో సోకి ఉంటే బిడ్డకు సాధారణంగా ప్రమాదం ఉండదు. కొత్తగా ఇప్పుడు సోకితేనే ఆందోళన. రక్తపరీక్షతో చాలావరకు తెలుస్తుంది, మీ డాక్టరుకు ఇదంతా చెప్పి పరీక్ష కావాలో లేదో ఆవిణ్ణే నిర్ణయించనివ్వండి. ఈ నెలలన్నీ మట్టి పని ఇంకొకరికి అప్పగించండి, తప్పకపోతే గ్లోవ్స్ వేసుకుని చేసి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పచ్చిగా తినే కూరలు పారే నీళ్లలో బాగా కడగాలి. సగం ఉడికిన మాంసం ద్వారా కూడా ఇదే సోకుతుంది, చాలామంది పిల్లి ఒక్కదాన్నే తలుచుకుని దాన్ని మర్చిపోతారు.

మట్టివాసన గారూ, మీ పాప విషయంలో నేను ఎక్కువ పట్టించుకునేది పిల్లి కడుపులో ఉండే ఏలికపాముల గుడ్ల గురించి. అవి కూడా మట్టిలో ఏళ్ల తరబడి ఉండగలవు. ఒక్కసారి పట్టుకున్నంత మాత్రాన ఏదో అయిపోయిందనుకోకండి. గోళ్లు చిన్నగా కత్తిరించి, ఆట కాగానే చేతులు కడిగించండి. పాపకు ఇసుక గుంట ఉంటే ఆడనప్పుడు మూత వేసి ఉంచండి. మలం కనిపించిన చోట చుట్టూ నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి పారేయండి, ఎరువు గుంటలో మాత్రం వేయకండి. ఇంట్లో చేసే ఎరువు కుప్పకు ఈ గుడ్లు చచ్చేంత వేడి నమ్మకంగా రాదు. ఈసారి ఆ మడిలో ముల్లంగి పచ్చిది కాకుండా ఉడికించి తినండి.

తీగమల్లె:
చాలా థాంక్స్ అండీ. రేపే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను.

పిల్లిపిచ్చి:
నేను అవతలి పక్షం. నాకు రెండు పిల్లులున్నాయి, బయట తిరిగేవి ఇంకో మూడింటికి తిండి పెడతాను. ఇదంతా చదువుతుంటే మా పక్కవాళ్లు ఎంత పడుతున్నారో అర్థమై నిజంగా బాధేసింది. తిండి పెట్టే చేతికే శుభ్రం చేసే బాధ్యత కూడా ఉంటుందని నేను నమ్ముతాను.

మట్టి మార్చాలన్న పాదుల_పక్కన గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇక్కడ వద్దని తరిమితే ఎక్కడికి వెళ్లాలో కూడా మనమే చూపించాలి, లేకపోతే ఇంకొకరి మడికి వెళుతుంది. నేను మా పెరట్లో గోడ పక్కన, మనుషులు పెద్దగా నడవని మూల, రెండు చేతుల వెడల్పు గొయ్యి తీసి మెత్తటి పొడి ఇసుక నింపాను. వాన పడకుండా పైన రేకు. మొదటి రోజు పిల్లి మలం కొంచెం తెచ్చి అందులో వేశాను, ఆ వాసనకే అవి చోటు గుర్తుపట్టాయి. రోజూ తీసి శుభ్రం చేస్తాను. ఒక్క రోజు మానేసినా మళ్లీ మడుల వైపు చూస్తాయి, మురికిగా ఉన్నచోట కూర్చోవడం పిల్లికి ఇష్టం ఉండదు.

గోడల మీద, కుండీల మీద ఉచ్చ చిమ్మడం వేరే సంగతి. అది కాలకృత్యం కోసం కాదు, నా హద్దు అని చెప్పుకోవడం. గండుపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పదింట్లో తొమ్మిది ఆ పని మానేస్తాయి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టొచ్చు, రెండు నెలల్లో ఈనుతుంది. ఒక్కదాన్ని వదిలేస్తే ఏడాదికి మీ వీధిలో ఎన్ని అవుతాయో ఆలోచించండి. మీ పక్కింటివాళ్లతో గొడవకు వెళ్లకుండా ఆపరేషన్ మాట, ఇసుక మూల మాట ఎత్తి చూడండి. నాతో ఎవరైనా అలా మాట్లాడి ఉంటే రెండేళ్ల ముందే చేసేదాన్ని.

గులాబీముల్లు:
గోడకు పట్టిన ఆ వాసన ఎలా పోగొట్టాలి? ఎంత కడిగినా మళ్లీ అక్కడికే వస్తోంది.

పిల్లిపిచ్చి:
అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడకండి, ఆ వాసన ఉచ్చకు దగ్గరగా ఉండి ఇంకా రమ్మని పిలుస్తుంది. బ్లీచింగ్ కూడా వద్దు, ఉచ్చతో కలిస్తే ఊపిరి ఆడనివ్వని ఆవిరి వస్తుంది. పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ పోసి, చెప్పినంతసేపు తడిగా ఉంచి, దానంతట అదే ఆరనివ్వండి.

రేపటిమొలక:
కాఫీ పొడి పిప్పి, పిల్లులు రాని మొక్కలు అంటారు కదా, అవి?

పాదుల_పక్కన:
పిప్పిలో కెఫీన్ మిగిలి ఉంటుంది, కుక్కకీ పిల్లికీ మంచిది కాదు, వదిలేయండి. పిల్లులు రావని కోలియస్ జాతి మొక్క ఒకటి అమ్ముతారు. నేను పెట్టాను, దాని పక్కనే తవ్వాయి. ముళ్లున్న గులాబీ కత్తిరింపులు మడి అంచుల్లో పడేస్తే ఎంతో నయం. లిల్లీ మొక్కలు మాత్రం పిల్లులు తిరిగేచోట పెట్టకండి, పుప్పొడి నాకినా వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మట్టివాసన:
నాలుగు వారాలైంది, ఏమైందో చెప్పాలని వచ్చాను.

మూడో మడిలో చెడ్డ మట్టి తీసేసి జాలీ వేశాను. మావారు తీగ కొనలన్నీ ఒక్కొక్కటీ మడిచి, అరచేతితో తడిమి చూసి మరీ పరిచారు. మర్నాడు కిటికీ దగ్గర కూర్చున్నాను. అదే తెల్లకాళ్ల పిల్లి దిగి, మడిలో కాలు పెట్టి ఒకసారి లాగింది. కాలు ఎత్తి విదిలించింది. ఇంకో చోట లాగింది. తర్వాత అంచున కూర్చుని కాసేపు మట్టి వైపే చూసి, గోడెక్కి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆ మడిలో ఒక్కసారి కూడా లేదు. ముల్లంగికి పుల్లలు గుచ్చాక మొదటి వారం రెండుసార్లు చేసింది, పుల్లలు దగ్గర చేశాక మానేసింది.

పక్కింటి పెద్దావిడతో మాట్లాడాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక పాప గడ్డ పట్టుకున్న సంగతే చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. 'నాకు తెలియదమ్మా, అది ఎక్కడికెళ్తుందో నేనెప్పుడూ చూడలేదు' అన్నారు. ఇసుక మూల ఆవిడ పెరట్లోనే పెట్టుకున్నాం. ఇసుక నేను మోశాను, శుభ్రం చేసేది ఆవిడే. ఆపరేషన్ కూడా వచ్చే వారం చేయిస్తున్నారు. పిల్లి పేరు మబ్బు అట. పాప ఇప్పుడు గోడ మీద నుంచి దాన్ని పేరు పెట్టి పిలుస్తోంది.

ఒక్క సందేహం మిగిలింది. టమాటా నారు ఎల్లుండి నాటాలి. జాలీ కోసిన చోట ఆ చేతి వెడల్పు మట్టి మళ్లీ ఖాళీగా కనిపిస్తుంది కదా, అక్కడ?

పాదుల_పక్కన:
చాలా సంతోషమమ్మా. మొక్క చుట్టూ కోడిగుడ్డంత గులకరాళ్లు మూడు నాలుగు, కాండానికి రెండు వేళ్లు దూరంగా పెట్టండి. కోసిన తీగ కొనలు అక్కడ కూడా కిందికే మడవాలి, నాటేటప్పుడు చేయి పెట్టేది అందులోనే. సాయంత్రం నాటి, బాగా తడపండి.